పెరటి ముచ్చట్లు: హాల్లో ఆకు రాల్చిన దానిమ్మ



ఈ నెల మునగను గూర్చి వ్రాయాలని అనుకున్నాం. ఇంతలో ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని మేమిద్దరం రెండుసార్లు చదువుకొని, మునగ సంగతి వచ్చే నెలకు వాయిదా వేసుకున్నాం.

వ్రాసినవారు డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఒక అమ్మగారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. భర్త గారు పోయిన తరువాత పల్లెలో ఇల్లు, దొడ్డి అమ్ముకొని పట్నంలో కొడుకు దగ్గరికి వచ్చేశారు. మూడో అంతస్తు ఇల్లు. దొడ్డిలో ఆయన చేత్తో నాటిన దానిమ్మ చెట్టును కొన్నవాళ్ళు గోడ కట్టుకోవడానికి కొట్టేశారట. అదృష్టవశాత్తు అంతకు ముందే అమ్మగారు దాని కొమ్మ ముక్క ఒకటి కుండీలో గుచ్చి బ్రతికించుకొన్నారు. ఆ కుండీని బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకొన్నారు. కోడలు ముచ్చటపడి దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టింది. రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక అమ్మగారు దానికి ఒక చెంబుడు నీళ్ళు పోస్తూ వచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇప్పుడు పుల్లలు మిగిలాయి. క్రిస్మస్‌కు ఇల్లు సర్దుకుంటూ కోడలు, “ఎండు మోడు ఇంట్లో ఎందుకు అత్తయ్యా, తీసేద్దామా?” అని అడిగిందట. ఆ పిల్ల అడగడంలో తప్పేమీ లేదు.

“ఇది బ్రతికి ఉన్నదో చచ్చిపోయిందో చెప్పండి. చచ్చిపోతే నేనే నా చేతులతో తీసేస్తాను” అని అమ్మగారు వ్రాశారు.

అమ్మగారూ, ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోనివ్వండి. 2013లో మేము ఒక నర్సరీ నుండి మంచి దానిమ్మ అంటు తెచ్చుకున్నాం. వచ్చినవాళ్ళందరికీ కనబడాలని దాన్ని ముందుగదిలో మూలన నిలబెట్టాం. మీలాగే రోజూ నీళ్ళు పోశాం. మీ చెట్టులాగే అదీ ఆకు రాల్చింది. ఇక లాభం లేదనుకొని పెరికి పెంటకుప్ప మీద పడేశాం. నాలుగు రోజుల తరువాత పొయ్యిలోకి పుల్లలు విరుస్తుంటే అది విరగలేదు, వంగింది. బెరడు ఒలిచి చూస్తే లోపల లేత పచ్చ. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. పరుగున తెచ్చి మళ్ళీ నాటాం గాని, వేళ్ళు నాలుగు రోజులు ఎండకు ఎండిపోయాయి గనుక అది తిరిగి లేవలేదు. మేము పారేసిన రోజున అది బ్రతికే ఉన్నది. అందుచేత ఎవరైనా దానిమ్మ చచ్చిపోయిందంటే మేము వెంటనే నమ్మం.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని గోటితో గీకి చూడడం. కొమ్మ కొసన బెరడును చిన్నగా గీకండి, గోరంత మేర చాలు. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మకు ప్రాణం ఉన్నది. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడికి అది ఎండినట్టే. అప్పుడు రెండంగుళాలు కిందికి వచ్చి మళ్ళీ గీకండి. ఇలా పచ్చ కనబడేదాకా దిగండి. కొస నుండి మొదలు దాకా ఎక్కడా పచ్చ లేకపోయినా కుండీని పారేయవద్దు. దానిమ్మ మొదలులోనుండి, వేరులోనుండి పిలకలు వేసే జాతి. మార్చి నెలాఖరు వరకు ఆగి చూడండి. అప్పటికీ ఏ చిగురూ రాకపోతే మీ మాట ప్రకారం చేయండి.

ఆకు రాల్చడం ఈ చెట్టుకు కొత్త కాదు. చలిదేశాల్లో ఇది ప్రతి శీతకాలం ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది. మన వైపు చలి తక్కువ గనుక నీళ్ళు అందుతున్నంత కాలం ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అందుకే దాని ఈ స్వభావం మన కంట పడదు. అనంతపురం జిల్లాలో దానిమ్మ తోటలున్నవారిని అడిగితే చెబుతారు. వాళ్ళు కావాలనే చెట్లకు నీళ్ళు ఆపి బెట్టకు వదిలేస్తారు. నేలను బట్టి నెల, నెలన్నర, బరువు నేలల్లో ఇంకా ఎక్కువే. ఆకు పండి రాలుతుంది. రాలకపోతే రాలడానికి మందు కూడా కొడతారు. ఆ తరువాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్ళు వదిలితే చెట్టంతా ఒక్కసారిగా చిగురు, దాని వెంటే పూత. జనవరి, ఫిబ్రవరిలో పూసేదాన్ని అంబే బహార్ అని, జూన్, జూలైలో వచ్చేదాన్ని మృగ్ బహార్ అని, వానలు వెనకబడ్డాక సెప్టెంబరు, అక్టోబరులో వచ్చేదాన్ని హస్త బహార్ అని పిలుస్తారు. రైతు ఏ పంటకు ధర, నీరు అనుకూలమో చూసుకొని అందులో ఒకదాన్ని ఎంచుకుంటాడు. చెట్టును బోడి చేయడంతోనే వాళ్ళ పంట మొదలవుతుంది.

అయితే మీ చెట్టు విశ్రాంతి కోసం ఆకు రాల్చలేదు. వెలుతురు చాలక రాల్చింది. ఇంటి లోపల దానిమ్మ పెంచాలనుకునేవారందరూ ఇక్కడే పొరబడతారు, మేమూ అందులోని వాళ్ళమే. మన కన్ను మసక వెలుతురుకు కూడా సర్దుకుంటుంది. హాల్లో పేపరు చదవగలుగుతున్నాం గదా, వెలుతురు బాగానే ఉన్నదనుకుంటాం. చెట్టుకు ఆ లెక్క పనికిరాదు. కిటికీ దగ్గర నుండి నాలుగడుగులు లోపలికి వస్తే చాలు, దానికి అందే వెలుతురు చాలా పడిపోతుంది. దొడ్డిలో పగలంతా ఎండ తిన్న చెట్టుకు టీవీ పక్కన మూల చీకటికొట్టుతో సమానం. ఆ మసకలో అన్ని ఆకులను పోషించడం దాని వల్ల కాదు, అందుకే వదిలేసింది.

బైబిలులో వేగువారు కనానులోనుండి ద్రాక్షగెలతో పాటు దానిమ్మపండ్లు, అంజూరపు పండ్లు తెచ్చిన సంగతి మనకందరికీ తెలుసు. ఈ మూడూ ఎండను ప్రేమించేవే. అక్కడ వేసవిలో నెలల తరబడి వాన చుక్క పడదు. రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ దానిమ్మకు కావాలి. అంతకన్నా తగ్గితే ఆకులుంటాయి గాని పూత ఉండదు. ఇంకా తగ్గితే ఆకులూ ఉండవు.

మరి మూడో అంతస్తులో ఎక్కడ పెట్టాలి? వరండాలో గాని, బాల్కనీలో గాని పెట్టాలి. అదీ ఏ దిక్కుదో చూసుకోవాలి. దక్షిణపు వరండా అన్నిటికన్నా మేలు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు గనుక ఎండ వరండా లోపలిదాకా వస్తుంది. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. హైదరాబాదు, విజయవాడల దగ్గర మే రెండో వారం నుండి ఆగస్టు మొదటి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన గాని, కొంచెం ఉత్తరానికి గాని ఉంటాడు. అప్పుడు పైఅంతస్తు శ్లాబు నీడ దక్షిణపు వరండాను కమ్మేస్తుంది. “చలికాలంలో బాగున్న చెట్టు వేసవిలో ఎందుకు నీరసించింది?” అని మమ్మల్ని ఇద్దరు ముగ్గురు అడిగారు, కారణం ఇదే. ఆ రోజుల్లో కుండీని బయటి అంచు వరకు జరపాలి, లేదా మేడ మీదికి ఎక్కించాలి. తూర్పు వరండాలో పూట ఎండే దొరుకుతుంది, పూలు తక్కువైనా చెట్టు ఆరోగ్యంగా ఉంటుంది. పడమర ఎండకు చెట్టు తట్టుకుంటుంది గాని కుండీ కాగిపోయి వేళ్ళు ఉడుకుతాయి. కుండీ చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. ఉత్తరపు వరండా మాత్రమే ఉంటే దానిమ్మను మేడ మీదే పెట్టుకోవడం మంచిది.

కుండీని పిట్టగోడ మీద మాత్రం పెట్టవద్దు. కింద పిల్లలు ఆడుకుంటారు.

ఇన్నాళ్ళు నీడలో ఉన్న చెట్టును ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టకూడదు. మొదటి వారం పొద్దుటి ఎండ రెండు గంటలు, రెండో వారం నాలుగు గంటలు, ఆ తరువాత పూర్తిగా. లేత చిగురు మాడకుండా ఇది అవసరం.

ఇక నీళ్ళు. అమ్మగారూ, బాధపడవద్దు, ప్రేమతో పోసిన ఆ చెంబుడు నీళ్ళే సగం చేటు చేసి ఉంటాయి. చెట్టు తాగే నీరు ఎక్కువ భాగం ఆకుల గుండానే ఆవిరై పోతుంది. ఆకులే లేనప్పుడు అది తాగేది చాలా కొంచెం. మనం అలవాటు కొద్దీ రోజూ పోస్తుంటే మట్టి బురదై వేళ్ళకు గాలి ఆడదు, కుళ్ళు మొదలవుతుంది. కుండీ మట్టిని వాసన చూడండి. పుల్లని మురుగు వాసన వస్తే మట్టి మార్చాలి. మామూలు మట్టి వాసనే ఉంటే నీళ్ళు ఆపితే చాలు. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోనుండి కారేదాకా నిండుగా పోయండి. కింద పళ్ళెంలో నిలిచిన నీరు పారబోయండి. ఆకు లేని ఈ రోజుల్లో ఎనిమిది, పది రోజులకు ఒకసారి సరిపోవచ్చు. నడివేసవిలో నిండు ఆకుతో ఉన్న చెట్టుకు రోజూ కావలసిరావచ్చు. క్యాలెండరు చూసి కాదు, వేలు చూసి పోయాలి.

ఆకు లేని చెట్టుకు ఎరువు వేయవద్దు. బలం వస్తుందని చాలామంది ఈ పని చేస్తారు. కొత్త చిగురు వేలెడు పొడవు సాగిన తరువాతే వేయాలి.

మట్టి మార్చవలసి వస్తే, ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలపండి. నల్లరేగడి కుండీలో వద్దు, తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. రంధ్రం మీద ఒక కుండ పెంకు బోర్లించండి, మట్టి జారిపోకుండా. చిన్న మొక్కకు పన్నెండంగుళాల కుండీ, మూడో ఏటికి పద్దెనిమిది అంగుళాలది. ఆ తరువాత రెండు మూడేళ్ళకొకసారి చెట్టు విశ్రాంతిలో ఉన్నప్పుడు మట్టిగడ్డతో సహా బయటికి తీసి, చుట్టూ అంగుళం మేర వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టితో అదే కుండీలో పెట్టవచ్చు. కుండీల్లో చెట్టు ఏళ్ళ తరబడి బ్రతుకుతుందా అని సందేహం వద్దు. ఫ్రాన్సు దేశంలో వెర్సాయ్ రాజభవనం దగ్గర 1680లలో కట్టిన పెద్ద శాల ఒకటి ఉన్నది. నారింజ, దానిమ్మ వంటి చెట్లను చక్కపెట్టెల్లో పెంచి, చలికాలమంతా అందులో దాచి, వేసవికి బయటికి తెస్తారు. ఆ పెట్టెల్లో కొన్ని చెట్లకు రెండు వందల ఏళ్ళు దాటాయి. వాళ్ళు కూడా ఏడాదంతా లోపల ఉంచరు, చూడండి.

ఈ మాట విదేశాల్లో పిల్లలున్న తలిదండ్రులకు కూడా పనికివస్తుంది. మంచు పడే దేశాల్లో మీ అమ్మాయి కుండీలో దానిమ్మ పెట్టుకుంటే, శీతకాలం ఆకు రాల్చడం అక్కడ సహజం. ఆకు రాలిన చెట్టును నీళ్ళు గడ్డకట్టనంత మాత్రపు చల్లని గదిలో ఉంచి, రెండు మూడు వారాలకొకసారి కొంచెం తడిపితే చాలు. అప్పటికి వెలుతురు కూడా అక్కరలేదు. వెచ్చని గదిలోనే ఉంచాలనుకుంటే మాత్రం దక్షిణపు కిటికీని ఆనించి పెట్టాలి. మంచు పూర్తిగా వెనకబడ్డాకే బయట పెట్టాలి. మొన్న ఒకరి కుమార్తె ఫోనులో ఏడ్చిందని విన్నాం, ఆకులు రాలాయని. ఆ పిల్లకు ఈ పేజీ చదివి వినిపించండి.

పూత విషయం కూడా చెప్పి పెడతాం, ఎందుకంటే రేపు మీ చెట్టు పూసినప్పుడు మళ్ళీ గాభరా పడతారు. దానిమ్మలో రెండు రకాల పూలు వస్తాయి. అడుగు లావుగా చిన్న కూజాలా ఉన్నది కాయ అవుతుంది. అడుగు సన్నగా గంటలా ఉన్నది మగపువ్వు, అది రాలిపోవలసిందే. రాలిన పూలు ఏరి చూడండి, అన్నీ గంటలే అయితే దిగులు లేదు. దానిమ్మలూ గంటలూ అంటే ప్రధాన యాజకుని నిలువుటంగీ అంచు గుర్తుకు వస్తుంది గాని, అక్కడ చెప్పిన గంటలు బంగారువి. మూడో అంతస్తుకు తేనెటీగలు రాకపోతే మెత్తని కుంచెతో ఒక పువ్వు పుప్పొడి తీసి మరొకదానికి అద్దండి, పది గంటల లోపు. మొదటి ఏడు కాయ నిలిపితే సన్నని కొమ్మ వంగిపోతుంది, తుంచేయండి. ఆ తరువాత రెండు మూడు కాయలు చాలు.

కాయ ఎదిగేటప్పుడు మాత్రం నీటి వేళ తప్పకూడదు. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచితే, గట్టిపడిన తోలు లోపలి గింజల ఉబ్బుకు తాళలేక పగులుతుంది. గోళీకాయంత కాగానే పలచని గుడ్డసంచి కట్టండి. ఒక జాతి సీతాకోకచిలుక పూల మీద, పిందెల మీద గుడ్లు పెట్టి పోతుంది, దాని పురుగే కాయను తొలిచేది. మూసిన వరండాలో పిండినల్లి, తెల్లదోమ పట్టడం మామూలే. సబ్బునీళ్ళతో ఆకుల అడుగుభాగం తుడిస్తే పోతాయి, మందుల దాకా వెళ్ళనక్కరలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు రకం ఏమిటని అడుగుతారు. పూణె దగ్గర గణేష్‌ఖిండ్ తోటలో ఎన్నిక చేసిన గణేష్ పాత రకం, గింజ మెత్తన. ఇప్పుడు బజారులో ఎర్రగా మెరిసేదంతా చాలావరకు భగవా. పూల కోసమే అయితే అడుగు ఎత్తులోనే పూసే పొట్టి దానిమ్మ ఉన్నది, కాయలు మాత్రం చిన్నవి, పులుపు. ఏది కొన్నా గింజ మొక్క కాక, కొమ్మతో గాని అంటుతో గాని చేసినదే కొనండి. గింజ మొక్క తల్లిని పోలదు.

అమ్మగారూ, ఈ చివరి సంగతి మీ కోసమే. గింజ నుండి వచ్చినది బిడ్డ వంటిది. కొమ్మ ముక్క నుండి వచ్చినది బిడ్డ కాదు, ఆ చెట్టే. మీ కుండీలో ఉన్నది మీ ఆయన గారు నాటిన చెట్టు. దొడ్డిలో కొట్టేసినది దాని మిగతా భాగం. కనుక ఒకే కుండీ మీద ఆధారపడవద్దు. చెట్టు కోలుకొని ఒక ఏడాది ఎదిగిన తరువాత, పెన్సిలంత లావున్న ముదురు కొమ్మలు ఎనిమిది, తొమ్మిది అంగుళాల పొడవున నాలుగైదు ముక్కలు కత్తిరించండి. రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి ఉండేలా, మొదలు కిందికి వచ్చేలా గుచ్చి నీడలో పెట్టండి. అన్నీ బ్రతకవు, ఒకటి రెండు బ్రతుకుతాయి. ఒకటి మీ కూతురింటికి, ఒకటి మీ పాత ఊరి చర్చి ఆవరణలోకి ఇవ్వండి. అక్కడ నేల ఉన్నది, ఎండ ఉన్నది.

ఈ ఉత్తరం చేరిన రోజునే కుండీని హాలు నుండి వరండాకు మార్పించండి. గీకి చూసి, పచ్చ మొదటి నుండి ఎన్ని జానల ఎత్తు వరకు ఉన్నదో మాకు వ్రాయండి. ఎండిన కొసలు ఇప్పుడే కత్తిరించవద్దు, ఫిబ్రవరిలో చిగురు ఎక్కడి నుండి వస్తుందో చూసి దాని పై భాగం తీయవచ్చు. కోడలు పిల్లకు మా వందనాలు చెప్పండి. క్రిస్మస్‌కు ఆ మోడు కుండీ చుట్టూ ఒక రంగు కాగితం చుట్టమనండి, చుట్టాలు ఏమీ అనుకోరు. కుండీని ఎత్తేది మాత్రం మీరు కాదు, మీ అబ్బాయి.